ముగ్గుపిండి, మామిడాకు, బండరాయి: ఫోటోషాప్‌లో సొంత బ్రష్‌లు చేసుకోవడం ఎలా

సంక్రాంతి దగ్గరపడుతుంటే హైదరాబాద్‌లో డిజైన్ పని చేసే ప్రతి ఒక్కరి దగ్గరికీ ముగ్గు పోస్టర్ ఒకటి వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ముగ్గుల పోటీ, బట్టల షాపు ఆఫర్, కాలనీ ఫ్లెక్సీ, ఏదో ఒకటి. మామూలు గుండ్రటి బ్రష్‌తో ముగ్గు గీసి పంపితే అవతలి నుంచి వచ్చే మాట దాదాపు ఒకటే: "అన్నా, మంచిగనే ఉంది గానీ కంప్యూటర్ల గీసినట్టు కొడుతుంది." వాళ్లన్నది నిజమే. ఆ బ్రష్ గీసే గీత అంచు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది. పిండితో వేసిన గీతలో రేణువులు పక్కకి చెదురుతాయి, చెయ్యి ఆగిన చోట పిండి ఎక్కువ పడుతుంది, చివరికి వచ్చేసరికి పలచబడుతుంది. చూసేవాళ్లు ఇవన్నీ విడమరిచి చెప్పలేకపోయినా, లేకపోతే మాత్రం పట్టేస్తారు.

దీనికోసం నెట్‌లో బ్రష్ ప్యాక్‌లు వెతకడం చాలామంది చేసే పని. ప్యాక్‌లు చెడ్డవని కాదు. కైల్ వెబ్‌స్టర్ అనే చిత్రకారుడి బ్రష్‌లను అడోబీ 2017లో తీసుకుంది. ఫోటోషాప్ సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్లకి అవి విడిగా డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. వాటర్ కలర్, బొగ్గు, ఇంకు వంటి పనులకి అంతకన్నా మంచివి మీరూ నేనూ చేయలేం. కానీ మన ముగ్గు, మన తోరణం, మన బండలు అందులో ఉండవు. అవి మనమే చేసుకోవాలి. సామాను ఇంట్లోనే ఉంటుంది, ఒక ఫోన్ కెమెరా చాలు.

ముగ్గు బ్రష్ గురించే ఎక్కువ చెప్తాను. అది చేతికొస్తే మిగతావి వాటంతటవే వస్తాయి.

ముందు ఈ నాలుగు సంగతులు

ఫోటోషాప్ బ్రష్ అంటే ఒక రబ్బరు స్టాంపు. మీరు గీత గీస్తున్నాననుకుంటారు, అది మాత్రం ఆ దారంతా దగ్గరదగ్గరగా ముద్రలు గుద్దుకుంటూ పోతుంది. ముద్రకీ ముద్రకీ మధ్య ఎంత దూరం ఉండాలో చెప్పేదే స్పేసింగ్. మిగతా సెట్టింగ్‌లన్నీ ప్రతి ముద్రనీ కొంచెం తిప్పమనో, చిన్నది చేయమనో, పక్కకి జరపమనో చెప్పేవే.

ముద్రకి రంగు ఉండదు. ఫోటోషాప్ మీ బొమ్మలోని నలుపు తెలుపులను మాత్రమే తీసుకుంటుంది. నల్లగా ఉన్నచోట రంగు పూర్తిగా పడుతుంది, తెల్లగా ఉన్నచోట అసలు పడదు, బూడిద రంగు ఉన్నచోట పలచగా పడుతుంది. ఎర్ర గులాబీ ఫోటోని బ్రష్ చేసినా, ఫోర్‌గ్రౌండ్‌లో, అంటే గీయడానికి ఎంచుకున్న రంగుగా, నీలం ఉంటే నీలి గులాబీలే వస్తాయి.

సైజు. బ్రష్‌గా మార్చే బొమ్మ గరిష్ఠంగా 2500 × 2500 పిక్సెళ్లు ఉండొచ్చు. అంత అవసరం రాదు. 5 × 7 అంగుళాల పెళ్లి కార్డుని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) చేస్తే మొత్తం కార్డే 1500 × 2100 పిక్సెళ్లు, అందులో ఒక మామిడాకు 150 పిక్సెళ్లు ఉంటే ఎక్కువ. అందుకని 800 నుంచి 1000 పిక్సెళ్ల మధ్య పెట్టుకోండి. బ్రష్‌ను అసలు సైజుకన్నా తగ్గించి వాడితే బాగుంటుంది, పెంచితే మసకబారుతుంది. మరీ పెద్దవి చేస్తే పాత ల్యాప్‌టాప్‌లో గీత మౌస్ వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది.

ఇక నాలుగోది, అసలైనది: ముద్ర చుట్టూ ఉన్న తెలుపు నిజంగా తెలుపై ఉండాలి. దీని సంగతి కింద వస్తుంది.

ముగ్గు బ్రష్: ఫోటో దగ్గర సగం పని

స్టేషనరీ షాపులో ఒక నల్ల చార్ట్ తీసుకోండి. రాతి ముగ్గుపిండి కావాలి, బియ్యప్పిండి వద్దు. బియ్యప్పిండి మరీ మెత్తన, కెమెరాలో రేణువు విడిగా కనిపించదు. పిండి ఉండలు కట్టి ఉంటే ఒకసారి జల్లించండి.

చార్ట్‌ను నేలమీద పరిచి, ఫ్యాన్ ఆపేయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పిండి పట్టుకుని, నేలకి రెండు మూడు అంగుళాల ఎత్తునుంచి ఒకేచోట వదలండి. గీత లాగొద్దు. మనకి కావలసింది ఒక్క ముద్ర: మధ్యలో చిక్కగా, చుట్టూ రేణువులు చెదిరిన ఒక చిన్న మచ్చ. ఇలాంటివి చార్ట్ మీద దూరదూరంగా ఓ పది వేయండి. వాటిలో అన్నిటికన్నా అందంగా, గుండ్రంగా ఉన్నదాన్ని పక్కన పెట్టేయండి. కాస్త వంకరగా, ఒకవైపు రేణువులు ఎక్కువ పడ్డది వాడితే గీత సహజంగా వస్తుంది.

ఫోటో నిలువుగా పైనుంచి తీయాలి. ఫోన్‌లో గ్రిడ్ ఆన్ చేసుకుంటే ఫోన్ వంగిందో లేదో తెలుస్తుంది. ఫ్లాష్ వద్దు. ఎండ నేరుగా పడకుండా బాల్కనీ నీడలో పొద్దున వెలుతురు చాలు. మచ్చ ఫ్రేమ్ మధ్యలో ఉండాలి, చుట్టూ నల్ల చార్ట్ బాగా ఖాళీగా కనిపించాలి. ఫోన్‌లోని ఫిల్టర్లు, పోర్ట్రెయిట్ మోడ్ జోలికి పోవద్దు. పోర్ట్రెయిట్ మోడ్ అంచుల్లో రేణువులను తనంతట తానే మసక చేసేస్తుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే ఫోటో కుదించుకుపోతుంది. కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపుకోండి.

ఇప్పుడు ఫోటోషాప్‌లో

1. ఫోటో తెరిచి క్రాప్ టూల్‌తో చతురస్రంగా కత్తిరించండి. మచ్చ చుట్టూ దాని వెడల్పులో సగమంత ఖాళీ ఉంచండి. ఇమేజ్ → ఇమేజ్ సైజ్‌లో 1000 పిక్సెళ్లు పెట్టండి.

2. కంట్రోల్ + షిఫ్ట్ + యు నొక్కితే రంగు పోతుంది. తర్వాత కంట్రోల్ + ఐ నొక్కితే తిరగబడుతుంది, అంటే పిండి నల్లగా, చార్ట్ తెల్లగా మారుతుంది. తెల్లగా అంటే అప్పటికింకా మురికి తెలుపే.

3. కంట్రోల్ + ఎల్ నొక్కి లెవెల్స్ తెరవండి. కింద మూడు చిన్న త్రికోణాలు ఉంటాయి. ఆల్ట్ నొక్కి పట్టుకుని కుడివైపు తెల్ల త్రికోణాన్ని ఎడమకి జరపండి. స్క్రీన్ నల్లబడి, పూర్తి తెలుపైన చోట్లు మాత్రమే తెల్లగా వెలుగుతాయి. మచ్చ చుట్టూ ఉన్న ఖాళీ అంతా, మూలలతో సహా, తెల్లగా వెలిగేదాకా జరపండి. చార్ట్ కాగితం గరుకు కనిపిస్తుంటే ఇంకాస్త జరపండి. రేణువులు మాయమవడం మొదలైతే మాత్రం ఆగి కొంచెం వెనక్కి రండి.

4. ఎడమవైపు నల్ల త్రికోణాన్ని కుడికి జరిపితే పిండి చిక్కబడుతుంది. మొత్తం నల్లగా చేయకండి. మధ్యలో కొంత బూడిద ఉంటేనే గీతలో ఎత్తుపల్లాలు కనిపిస్తాయి.

5. మెత్తటి తెల్ల బ్రష్ తీసుకుని బొమ్మ నాలుగు అంచుల వెంబడి ఒక్కసారి తిప్పండి. చూడ్డానికి అప్పటికే తెల్లగా ఉన్నా సరే, తిప్పండి.

6. ఎడిట్ → డిఫైన్ బ్రష్ ప్రీసెట్. పేరు పెట్టండి. "బ్రష్ 1" అని పెడితే వచ్చే ఏడాది మీకే గుర్తుండదు, "ముగ్గు చిటికెడు" అని పెట్టండి.

ఐదో మెట్టు ఎందుకంటే, మూలల్లో తెలుపు 255కి బదులు 250 ఉందనుకోండి, కంటికి తేడా కనిపించదు. కానీ బ్రష్ దాన్ని "చాలా పలచటి బూడిద" అని చదువుకుంటుంది. ఒక ముద్రలో ఏమీ తెలియదు. పదుల ముద్రలు ఒకదానిమీద ఒకటి పడేసరికి గీత చుట్టూ ఒక మురికి చతురస్రం తేలుతుంది. అందుకే కొత్త బ్రష్ చేసిన వెంటనే ఈ పరీక్ష పెట్టండి: తెల్ల కాగితంలాంటి ఖాళీ ఫైల్ తెరిచి, నల్ల రంగుతో, పెద్ద సైజులో, ఒకేచోట ఇరవై సార్లు క్లిక్ చేయండి. చుట్టూ డబ్బా ఆకారం ఏర్పడితే వెనక్కి వెళ్లి లెవెల్స్ మళ్లీ సరిచేయాలి. ప్రింటుకి వెళ్లాక, ముఖ్యంగా ముదురు మెరూన్ బ్యాక్‌గ్రౌండ్ మీద, ఈ డబ్బాలు బయటపడితే వచ్చే టెన్షన్ వేరే.

అసలు ప్రాణం సెట్టింగ్స్‌లో ఉంది

ఇప్పుడు ఈ బ్రష్‌తో గీత గీసి చూస్తే నిరాశగా ఉంటుంది. ఒకే మచ్చ వరుసగా గుద్దినట్టు, ఒకే రేణువు మళ్లీ మళ్లీ కనిపిస్తూ గీత పొడుగునా సన్నటి చారలు వస్తాయి. చాలామంది ఇక్కడే "కుదర్లేదు" అని వదిలేసి ప్యాక్ డౌన్‌లోడ్‌కి పోతారు. కీబోర్డ్‌లో ఎఫ్5 నొక్కండి, బ్రష్ సెట్టింగ్స్ ప్యానెల్ వస్తుంది.

బ్రష్ టిప్ షేప్‌లో స్పేసింగ్ ముందు చూడండి. మామూలుగా 25 శాతం ఉంటుంది. ముగ్గుకి 30 నుంచి 40 మధ్య పెట్టండి. బాగా తగ్గిస్తే ముద్రలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి రేణువులన్నీ నిండిపోతాయి, మళ్లీ నున్నటి గీతే వస్తుంది. బాగా పెంచితే మచ్చలు విడివిడిగా కనిపిస్తాయి.

షేప్ డైనమిక్స్‌లో యాంగిల్ జిట్టర్‌ను 100 శాతం చేయండి. జిట్టర్ అంటే ముద్ర ముద్రకీ వచ్చే తేడా. ముగ్గు బ్రష్‌కి ఇంతకన్నా ముఖ్యమైన మీట ఇంకోటి లేదు. ప్రతి ముద్ర తనకి తోచిన దిక్కుకి తిరుగుతుంది కాబట్టి ఆ చారలు ఒక్కసారిగా మాయమవుతాయి. సైజ్ జిట్టర్ 10, 15 శాతం చాలు. పెన్ ట్యాబ్లెట్ ఉంటే సైజ్ జిట్టర్ కింద ఉన్న కంట్రోల్‌లో పెన్ ప్రెషర్ పెట్టి, మినిమమ్ డయామీటర్ 40 శాతం దగ్గర ఉంచండి. ముగ్గు గీత ఎంత సన్నబడినా దారమంత అవ్వదు కదా.

స్కాటరింగ్‌లో 10 నుంచి 20 శాతం, బోత్ యాక్సిస్ టిక్ పెట్టకుండా. టిక్ లేకపోతే ముద్రలు గీతకి అడ్డంగా అటూ ఇటూ మాత్రమే జరుగుతాయి, అంచు కాస్త చెదురుతుంది. అంతే కావాలి మనకి. ఎక్కువ పెడితే ముగ్గు గాలికి కొట్టుకుపోయినట్టుంటుంది.

ట్రాన్స్‌ఫర్‌లో ఒపాసిటీని వదిలేసి ఫ్లో జిట్టర్ 20 శాతం దాకా ఇవ్వండి. ఈ రెండింటికీ తేడా ఉంది. ఒపాసిటీ ఒక గీత మొత్తానికి పరిమితి పెడుతుంది, ఎన్నిసార్లు అక్కడే తిప్పినా అంతకు మించి చిక్కబడదు. ఫ్లో ఒక్కో ముద్రకి ఎంత రంగు పడాలో చెప్తుంది, చెయ్యి ఆగి తిప్పినచోట పొరలు పొరలుగా పేరుకుంటుంది. పిండి పేరుకునేది కూడా అలాగే.

మెలికల ముగ్గు గీసేటప్పుడు పైన ఆప్షన్స్ బార్‌లో స్మూతింగ్ 20, 30 శాతం పెట్టుకుంటే వంపులు వణకవు.

ఇంత చేశాక ఒక పని తప్పకుండా చేయాలి. డిఫైన్ బ్రష్ ప్రీసెట్ దాచేది ముద్ర బొమ్మని మాత్రమే. ఎఫ్5 లో మీరు పెట్టిన సెట్టింగ్‌లు అందులో చేరలేదు. ఇంకో బ్రష్ మీద క్లిక్ చేస్తే అవన్నీ పోతాయి. కాబట్టి బ్రషెస్ ప్యానెల్ మెనూలో న్యూ బ్రష్ ప్రీసెట్ నొక్కి, ఇన్‌క్లూడ్ టూల్ సెట్టింగ్స్ టిక్ పెట్టి మళ్లీ సేవ్ చేయండి. క్యాప్చర్ బ్రష్ సైజ్ కూడా పెడితే ఎప్పుడు తెరిచినా మీకు అలవాటైన సైజులోనే వస్తుంది. పాత ఉత్తి ముద్రని తీసేయొచ్చు.

పెన్ ట్యాబ్లెట్ లేకపోతే

కంట్రోల్ పక్కన చిన్న హెచ్చరిక త్రికోణం కనిపిస్తే కంప్యూటర్‌కి పెన్ లేదని అర్థం. కంగారు అక్కర్లేదు. అమీర్‌పేటలో ఫోటోషాప్ నేర్చుకుని పనిలోకి దిగిన వాళ్లలో ఎక్కువమంది మౌస్‌తోనే నెట్టుకొస్తారు, మౌస్‌తోనూ ముగ్గు వస్తుంది.

పెన్ టూల్‌తో మెలికను పాత్‌గా గీయండి. వంపులు తీరిగ్గా సరిచేసుకోవచ్చు. తర్వాత బ్రష్ టూల్‌లో ముగ్గు బ్రష్, సైజు, రంగు ఎంచుకోండి. మళ్లీ పెన్ టూల్‌కి వచ్చి పాత్ మీద రైట్ క్లిక్ చేసి స్ట్రోక్ పాత్ నొక్కండి. టూల్ దగ్గర బ్రష్ ఎంచుకుని, సిమ్యులేట్ ప్రెషర్ టిక్ పెట్టండి. గీత రెండు చివర్లా సన్నగా, మధ్యలో లావుగా వస్తుంది. ఇది పనిచేయాలంటే బ్రష్ సెట్టింగ్స్‌లో సైజు కంట్రోల్ పెన్ ప్రెషర్‌కే ఉండాలి, హెచ్చరిక త్రికోణం ఉన్నా సరే. సాగిపోయే గీతలకి ఇది బాగుంటుంది. మొదలూ చివరా కలిసిపోయే మెలికకి మాత్రం ఆ టిక్ తీసేయండి, లేకపోతే కలిసిన చోట గీత తెగినట్టు కనిపిస్తుంది.

చుక్కలకి వేరే బ్రష్ అక్కర్లేదు. అదే ముగ్గు చిటికెడుని స్పేసింగ్ 300 శాతం చేసి, స్కాటరింగ్ తీసేసి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని అడ్డంగా లాగండి. సమాన దూరంలో చుక్కల వరుస పడుతుంది. లేయర్‌ను కాపీ చేసుకుంటూ కిందికి దించితే చుక్కల ముగ్గుకి గ్రిడ్ సిద్ధం. స్పేసింగ్ 1000 శాతం దాకా వెళ్తుంది కాబట్టి ఎంత ఎడం కావాలన్నా దొరుకుతుంది. దీన్ని కూడా "ముగ్గు చుక్కలు" అని వేరే ప్రీసెట్‌గా దాచుకోండి.

రంగు విషయం ఒక్క ముక్క. స్వచ్ఛమైన తెలుపు వాడకండి, కొంచెం పాల రంగు తీసుకోండి. లేయర్ స్టైల్‌లో డ్రాప్ షాడో పెట్టి డిస్టెన్స్ ఒకటి రెండు పిక్సెళ్లు, ఒపాసిటీ తక్కువ ఇస్తే పిండి నేలమీద కాస్త ఎత్తుగా పడినట్టు కనిపిస్తుంది. షాడో ఎక్కువైతే స్టిక్కర్ ముగ్గు అవుతుంది. అపార్ట్‌మెంట్ గుమ్మాల ముందు అవి ఎలాగూ ఉన్నాయి, పోస్టర్‌లో కూడా ఎందుకు.

మామిడాకు తోరణం

ఇది ముగ్గుకి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ముద్ర ఎటు తిరిగినా ఫర్వాలేదు, ఇక్కడ ప్రతి ఆకూ కిందికే వేలాడాలి.

ఆకును తెల్ల కాగితం మీద పెట్టి ఫోటో తీయండి. నిగనిగలాడే లేత ఆకు మీద వెలుతురు తళుక్కుమంటే అక్కడ బ్రష్‌లో చిల్లు పడుతుంది, కాబట్టి ముదురు ఆకు తీసుకోండి. రంగు తీసేసి లెవెల్స్ సరిచేయండి. ఇక్కడ తిరగేయనక్కర్లేదు, ఆకు ఎలాగూ ముదురుగానే ఉంటుంది. నడిమి ఈనె సన్నగా, లేత బూడిదలో మిగిలేలా చూడండి. కింద ఉన్న రంగు ఆ ఈనెలోంచి కనిపిస్తుంది, అదే అందం. మరీ ఎక్కువ కనిపిస్తుంటే తోరణం కింద ఒక లేయర్‌లో లేత ఆకుపచ్చ పూయండి.

డిఫైన్ చేసే ముందు ఆకు తొడిమ పైకి, కొన కిందికి ఉండేలా తిప్పుకోండి. ఇక్కడే చాలామందికి తిరకాసు వస్తుంది. షేప్ డైనమిక్స్‌లో యాంగిల్ కంట్రోల్‌ను డైరెక్షన్ అని పెడితే, మీ చెయ్యి పోయే దిక్కుని బట్టి ఆకు తిరుగుతుంది. ఎడమ నుంచి కుడికి లాగితే మీరు దాచినట్టే కొన కిందికి ఉంటుంది. దారం వంపు తిరిగితే ఆకు కూడా వంపుతో పాటు వంగుతుంది. అదే కుడి నుంచి ఎడమకి లాగారనుకోండి, ఆకులన్నీ తలకిందులై పైకి నిలబడతాయి. బ్రష్ పాడైందేమో అనుకుంటారు. పాడవ్వలేదు, చెయ్యి దిక్కు మార్చండి, అంతే.

యాంగిల్ జిట్టర్ 3, 4 శాతం మించొద్దు. ఫ్లిప్ ఎక్స్ జిట్టర్ టిక్ పెడితే కొన్ని ఆకులు అద్దంలో చూసినట్టు అటూ ఇటూ మారతాయి, ఒకే ఆకు అని కనిపెట్టలేరు. ఫ్లిప్ వై మాత్రం ముట్టుకోకండి, కొన్ని ఆకులు పైకి లేస్తాయి. స్పేసింగ్‌కి లెక్క చెప్పను. కింద ప్రివ్యూ చూసుకుంటూ ఆకు అంచులు ఒకదానికొకటి కొద్దిగా తగిలేదాకా జరపండి.

కలర్ డైనమిక్స్ తెరిచి, ఫోర్‌గ్రౌండ్‌లో ముదురు ఆకుపచ్చ, బ్యాక్‌గ్రౌండ్‌లో పసుపు కలిసిన ఆకుపచ్చ పెట్టి, ఫోర్‌గ్రౌండ్/బ్యాక్‌గ్రౌండ్ జిట్టర్‌ను 60 శాతం దగ్గర ఉంచండి. అప్లై పర్ టిప్ టిక్ ఉంటే ప్రతి ఆకూ వేరే ఛాయలో పడుతుంది. టిక్ లేకపోతే గీత మొత్తం ఒకే ఛాయ.

మధ్యమధ్యలో బంతిపూలు కావాలంటే విడిగా ఒక లేయర్ మీద వేసుకోండి. ఆకూ పువ్వూ కలిపి ఒకే బ్రష్‌గా చేస్తే రంగు రెండింటికీ ఒకటే అవుతుంది.

రంగురంగుల బతుకమ్మ కావాలంటే గింప్

పై సమస్యకి ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో అసలైన మందు ఉంది. ఫోటోషాప్‌లా కాకుండా గింప్ బ్రష్ తన రంగుని తనలోనే ఉంచుకోగలదు. అంతేకాదు, ఒకే బ్రష్‌లో నాలుగైదు బొమ్మలు పెట్టి, ఒక్కో ముద్రకి ఒక్కోటి వచ్చేలా చేయొచ్చు. బతుకమ్మ పోస్టర్‌కి ఇంతకన్నా ఏం కావాలి? తంగేడు, గునుగు, బంతి, చామంతి, నాలుగూ ఒక్క బ్రష్‌లో.

200 × 200 పిక్సెళ్లతో కొత్త ఫైల్ తెరవండి, బ్యాక్‌గ్రౌండ్ పారదర్శకంగా ఉండాలి. ఒక్కో పువ్వుని చుట్టూ శుభ్రంగా కత్తిరించి ఒక్కో లేయర్‌లో పెట్టండి. ప్రతి లేయర్ మీదా లేయర్ → లేయర్ టు ఇమేజ్ సైజ్ నొక్కండి. ఇది మరిచిపోతే పువ్వులు సగం సగం తెగి వస్తాయి. తర్వాత ఫైల్ → ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో పేరు చివర .జీఐహెచ్ ఎక్స్‌టెన్షన్ ఇవ్వండి. వచ్చే డబ్బాలో సెల్ సైజు 200 × 200, నంబర్ ఆఫ్ సెల్స్ 4, డైమెన్షన్ 1, ర్యాంక్స్ 4, దాని పక్కన ర్యాండమ్. స్పేసింగ్ 80 నుంచి 100. ఫైల్‌ను గింప్ బ్రషెస్ ఫోల్డర్‌లో పెట్టాలి. అది ఎక్కడుందో ఎడిట్ → ప్రిఫరెన్సెస్ → ఫోల్డర్స్ → బ్రషెస్‌లో చూపిస్తుంది. బ్రష్‌ల ప్యానెల్‌లో రిఫ్రెష్ నొక్కగానే కొత్త బ్రష్ కనిపిస్తుంది.

ర్యాండమ్ బదులు ఇంక్రిమెంటల్ పెడితే పువ్వులు మీరు పేర్చిన లేయర్ల వరుసలోనే పడతాయి. కానీ నిజం బతుకమ్మలో ఒక్కో వరుసకి ఒక్కో పువ్వు పేరుస్తారు కదా. అలా కావాలంటే ఒక్కో పువ్వుకి ఒక్కో బ్రష్ చేసుకుని, కింద పెద్ద వలయం నుంచి పైకి చిన్నవి వేసుకుంటూ పోండి. ర్యాండమ్ బ్రష్ పూలు చల్లినట్టు కనిపించే చోట, అంటే బోర్డర్లకి, బ్యాక్‌గ్రౌండ్‌కి సరిపోతుంది.

ముగ్గు చిటికెడుని గింప్‌లో చేయాలంటే ఇమేజ్ → మోడ్ → గ్రేస్కేల్ పెట్టి, ఫ్లాటెన్ చేసి, .జీబీఆర్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. గ్రేస్కేల్‌లో ఉంటే ఫోటోషాప్‌లాగే ఫోర్‌గ్రౌండ్ రంగు తీసుకుంటుంది. ముద్రలు మారుతూ పడడానికి టూల్ ఆప్షన్స్‌లో డైనమిక్స్ ర్యాండమ్, ఆకు దిక్కు పట్టడానికి ట్రాక్ డైరెక్షన్ వాడండి. ఫోటోషాప్ బ్రష్‌లు ఉండే .ఏబీఆర్ ఫైళ్లను గింప్ తెరుస్తుంది, అయితే ముద్ర వస్తుంది, మీ జిట్టర్లూ స్కాటరింగూ రావు. క్రీటా అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఎఫ్5 నొక్కి బ్రష్ టిప్‌లో ప్రీడిఫైన్డ్ దగ్గర స్టాంప్ బటన్ చూడండి, మిగతా ఆలోచన అంతా ఒకటే.

బండలు, గోడలు, జాలీలు

హైదరాబాద్ బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. దుర్గం చెరువు చుట్టూ, కేబీఆర్ పార్కులో ఇంకా కొన్ని మిగిలాయి. పోస్టర్ బ్యాక్‌గ్రౌండ్‌కి గరుకుతనం కావాలంటే ఇంతకన్నా మంచి సామాను లేదు. మధ్యాహ్నం వెళ్తే లాభం లేదు, ఎండ నిలువుగా పడి రాయి చప్పగా కనిపిస్తుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెలుతురు ఏటవాలుగా ఉన్నప్పుడు తీస్తే ప్రతి గింజకీ నీడ వస్తుంది. రంగు తీసి, లెవెల్స్‌లో గట్టిగా కాంట్రాస్ట్ పెంచి, లాసోతో వంకరటింకర ఆకారం ఎంచుకుని, అంచులను తెల్ల బ్రష్‌తో చెరిపి, డిఫైన్ చేయండి. యాంగిల్ జిట్టర్ 100, స్పేసింగ్ ఎక్కువ. గీతలు గీయడానికి కాదు, అక్కడక్కడా క్లిక్ చేయడానికి.

చార్మినార్ గచ్చు పనినో, పైగా వంశీకుల సమాధుల దగ్గరి జాలీనో (చిల్లుల అల్లికతో ఉండే తెర) బ్రష్ చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. నా మాట వినండి, జాలీని బ్రష్ చేయకండి. అల్లిక అంటే ఒకదానికొకటి అతుక్కోవాలి, బ్రష్ ముద్రలు అలా అతకవు. ఒక్క గడిని నలుచదరంగా కత్తిరించి ఎడిట్ → డిఫైన్ ప్యాటర్న్ కొట్టండి. కావాలంటే ఆ ప్యాటర్న్‌ను బ్రష్ సెట్టింగ్స్‌లో టెక్స్చర్ కింద ఎక్కించుకోవచ్చు. అప్పుడు ఏ బ్రష్‌తో రుద్దినా కింద జాలీ తేలుతుంది.

ఛత్తా బజార్‌లో కాతిబ్‌లు చేత్తో రాసే ఉర్దూ అక్షరాలు, గోడల మీద పెయింటర్లు రాసే తెలుగు అక్షరాలు చూస్తే బ్రష్‌గా మార్చాలని చెయ్యి లాగుతుంది. అది వాళ్ల చేతి పని. అడిగి, డబ్బిచ్చి రాయించుకుని, అప్పుడు వాడుకోండి.

దాచుకోవడం, పంపడం

బ్రషెస్ ప్యానెల్‌లో మీ బ్రష్‌లన్నీ ఒక గ్రూపులో పెట్టి, మెనూలోంచి ఎక్స్‌పోర్ట్ సెలెక్టెడ్ బ్రషెస్ నొక్కితే ఒక .ఏబీఆర్ ఫైల్ వస్తుంది. దాన్ని డ్రైవ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టుకోండి. ఫోటోషాప్ తీసేసి మళ్లీ వేసినా, ఆఫీసు సిస్టం మారినా ఇది ఉంటే చాలు, డబుల్ క్లిక్‌తో అన్నీ తిరిగొస్తాయి. ఆ ఫోల్డర్‌లోనే అసలు ఫోటోలు కూడా ఉంచండి. రేపు పెద్ద సైజు ముద్ర కావాల్సొస్తే మళ్లీ చార్ట్, పిండి, ఫ్యాన్ ఆపడం అక్కర్లేదు.

ప్రింటింగ్‌కి పంపేటప్పుడు బ్రష్ ఫైల్ ఇవ్వాల్సిన పని లేదు. ఫాంట్లలా ఇవి అవతలి సిస్టంలో ఉండక్కర్లేదు, మీరు గీసిన క్షణంలోనే గీతలన్నీ మామూలు పిక్సెళ్లైపోతాయి. ఫ్లెక్సీ అయితే ఎంత రెజల్యూషన్ కావాలో ప్రింటర్‌ను ముందే అడిగి, ఆ సైజులో ఫైల్ తెరిచాకే ముగ్గు గీయండి. చిన్న ఫైల్‌లో గీసి తర్వాత సాగదీస్తే రేణువులన్నీ మసకబారి, మళ్లీ కంప్యూటర్ల గీసినట్టే కొడుతుంది.